డబ్బా మీద రాసినవన్నీ నిజమే, ఒకేసారి మాత్రం కాదు

"మామయ్యా, విను. ఎఫ్1.8 లెన్సు, 4కే వీడియో, చెయ్యి వణికినా కదలని బొమ్మ, సెకనుకి వెయ్యి ఫ్రేముల స్లో మోషన్. జేబులో పట్టేస్తుంది. ఇంకేం కావాలి?"

మా అక్క కొడుకు ఫోన్‌లో చదివి వినిపిస్తున్నది ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా ప్రకటన. సోనీ జడ్‌వీ-1. 2020లో వచ్చింది, బరువు 294 గ్రాములు. వాళ్ల అమ్మమ్మ, అంటే మా అమ్మ, చేసే వంటలన్నీ వీడియోలు తీసి పెట్టాలని వాడి కోరిక. ఆ మోడల్ నేనూ రెండేళ్లు వాడి అమ్మేశాను కాబట్టి దాని మంచీ చెడ్డా నాకు బాగానే తెలుసు.

వాడు చదివిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ నాలుగూ ఒక్కసారే జరగవు. ఒకటి పట్టుకుంటే ఇంకోటి చేజారుతుంది. చిన్న కెమెరాల ఫీచర్ల పట్టికలో ఉన్న తిరకాసంతా ఇక్కడే. ఏ వరుసకా వరుస నిజం. కలిపి చదివితే కాదు. కలిపితే ఏమవుతుందో కావాలంటే పేజీ అడుగున నక్షత్రం గుర్తు పెట్టి చీమ తలకాయంత అక్షరాల్లో రాసింది చదవాలి.

ముందు సెన్సర్, అంటే లెన్సు వెనక బొమ్మను పట్టే చిప్, సంగతి చూద్దాం, మిగతావన్నీ దాన్ని బట్టే.

ఈ కెమెరాలో ఉన్నది "1 అంగుళం" సెన్సర్. అంగుళమంటే 25.4 మి.మీ. కదా. స్కేలు పెట్టి కొలిస్తే ఆ చిప్ పొడవు 13.2 మి.మీ., వెడల్పు 8.8 మి.మీ. ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచినా 16 మి.మీ. దాటదు. ఈ పేరు పాత టీవీ కెమెరాల నాటిది. అప్పట్లో బొమ్మను పట్టేది ఒక గాజు గొట్టం. సైజు చెప్పాలంటే ఆ గొట్టం బయటి వ్యాసం చెప్పేవాళ్లు. లోపల బొమ్మ పడే చోటు అందులో సుమారు మూడింట రెండు వంతులే. గొట్టాలు పోయి చిప్‌లు వచ్చినా కొలత మాత్రం అదే ఉండిపోయింది. అపార్ట్‌మెంట్‌ను సూపర్ బిల్టప్ ఏరియా లెక్కన అమ్మి, కార్పెట్ ఏరియా మనల్నే కొలుచుకోమన్నట్టు.

అయినా ఈ 13.2 మి.మీ. చిన్నదేం కాదు. ఒకప్పుడు ఇంటింటా పెళ్లిళ్లకీ తిరుపతి ప్రయాణాలకీ తీసుకెళ్లిన డిజిటల్ కెమెరాల్లో చాలావాటి సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ. వైశాల్యం లెక్కేస్తే ఇది దానికి నాలుగింతలు. జేబులో పట్టే జూమ్ కెమెరాలో ఇంత సెన్సర్ పెట్టి 2012లో సోనీ ఆర్‌ఎక్స్100 తెచ్చింది. జడ్‌వీ-1, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 (2019) ఆ దారినే వచ్చాయి. చిన్న సెన్సర్ కెమెరాలను ఫోన్లు మింగేశాయి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల ప్రకారం లెన్సు ఊడదీయడానికి వీల్లేని కెమెరాలు 2010లో ప్రపంచమంతటికీ 10 కోట్లకు పైగా వెళ్తే, 2023లో వెళ్లినవి 20 లక్షల లోపే. అందుకే ఇప్పుడు మిగిలిన చిన్న కెమెరాలకు అంతేసి ధరలు. చవకరకం చేసేవాళ్లు దాదాపుగా దుకాణం కట్టేశారు.

మెగాపిక్సెళ్ల గురించి ఒక్క ముక్కతో సరిపెడతాను. కోఠిలో ఒక షాపతను నాతో "20 మెగాపిక్సెలేనా సార్, ఫోన్‌లోనే 200 ఉంటే" అన్నాడు. 4కే వీడియో ఫ్రేము మొత్తం కలిపితే 83 లక్షల పిక్సెళ్లు, అంటే 8.3 మెగాపిక్సెళ్లు. గోడకి ఫ్రేము కట్టించుకునే ఫొటోకి 20 పుష్కలం. ఈ అంకె చూసి కెమెరా కొనడం, పేజీల లెక్క చూసి పుస్తకం కొనడం లాంటిది.

ఫోన్ సంగతి మాత్రం నిజాయితీగా ఒప్పుకోవాలి. 1 అంగుళం సెన్సర్ ఇప్పుడు ఫోన్లలోనూ ఉంది. 2022లో షావోమీ 12ఎస్ అల్ట్రాలో పెట్టారు. పైగా ఫోన్ ఒక్క నొక్కుకి పది ఫ్రేములు తీసి కలిపేస్తుంది. చీకట్లో గుడి గోపురం ఫొటో తీయమంటే మంచి ఫోనే గెలుస్తుంది. మరి తేడా ఎక్కడ? జూమ్‌లో. ఫోన్‌లో జూమ్ చేస్తే ఒక లెన్సు వదిలేసి ఇంకో లెన్సుకి మారుతుంది. ఆ రెండో లెన్సు వెనక ఉండేది సాధారణంగా మరింత చిన్న సెన్సర్. మెయిన్ కెమెరా సెన్సర్ సైజు చూసి మురిసిపోతాం గానీ, స్టేజీ మీద పిల్లని దూరం నుంచి తీసేటప్పుడు పనిచేసేది అది కాదు. చిన్న కెమెరాలో లెన్సు ముందుకీ వెనక్కీ జరుగుతుందంతే, వెనక సెన్సర్ మారదు.

అలాగని కెమెరా జూమ్ ఉచితంగా రాదు. ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు. డబ్బా మీద పెద్దగా కనపడేది ఎఫ్1.8. పక్కన అడ్డగీత పెట్టి ఇంకో అంకె ఉంటుంది, అది చదవాలి. మొదటి ఆర్‌ఎక్స్100 లెన్సు ఎఫ్1.8-4.9. వైడ్‌లో, అంటే జూమ్ చేయకముందు, 1.8, పూర్తిగా జూమ్ చేస్తే 4.9. చూడ్డానికి మూడు పాయింట్ల తేడా. వెలుతురు లెక్క ఆ అంకె వర్గంతో (దాన్ని దాంతోనే గుణిస్తే వచ్చేదానితో) పోతుంది కాబట్టి నిజానికి ఏడింతలకు పైగా తగ్గిపోతుంది. అదే ట్యూబ్‌లైటు కింద వైడ్‌లో ఐఎస్‌ఓ (పడ్డ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400తో నున్నగా వచ్చే ఫొటో, జూమ్ చేస్తే 3000 దగ్గరికి ఎక్కి రవ్వ పోసినట్టు వస్తుంది. జడ్‌వీ-1లో జూమ్ తక్కువే, కానీ ఎఫ్1.8-2.8. చివరిదాకా లాగినా వెలుతురు తగ్గేది రెండున్నర రెట్లు దాటదు. దూరం ఎక్కువా, వెలుతురు ఎక్కువా అన్నది కొనేటప్పుడే తేల్చుకోవాలి. వంటింటి వీడియోలకి నేనైతే వెలుతురే కోరుకుంటాను.

ఇంకో చిత్రం కూడా ఉంది. అదే పట్టికలో "24-70 మి.మీ." అని రాసి ఉంటుంది. అంకె చిన్నదైతే ఫ్రేములో ఎక్కువ చోటు పడుతుంది, పెద్దదైతే దూరంది దగ్గరికొస్తుంది. అసలు లెన్సు మీద చెక్కింది చూస్తే 9.4-25.7 మి.మీ. పాత ఫిల్మ్ కెమెరాలు వాడినవాళ్లకి అర్థం కావడానికి ఆ అంకెల్ని దాదాపు 2.7తో గుణించి రాస్తారు. తప్పేం లేదు. కానీ ఎఫ్1.8ని మాత్రం గుణించరు. వెనకంతా మసకబారిపోయే ఆ అందం విషయంలో దాన్నీ అలాగే గుణించుకోవాలి, అప్పుడు అది దాదాపు ఎఫ్4.9 అవుతుంది. ఎండా చీకటీ లెక్కలో ఎఫ్1.8, బ్లర్ లెక్కలో ఎఫ్4.9. "సినిమాలో లాగా వెనకంతా కరిగిపోవాలి మామయ్యా" అన్నవాడికి ఈ సంగతి చెప్తే మొహం చిన్నబోయింది. దగ్గరికెళ్లి తీస్తే కరుగుతుంది, నిలువెత్తు మనిషిని తీస్తే పెద్దగా కరగదు.

ఇక వణుకు సంగతి. చెయ్యి వణికితే లెన్సులోని గాజు ముక్క ఎదురు కదిలి సర్దుతుంది. నిలబడి తీసేవాళ్లకి ఇది చాలు. నడుస్తూ తీస్తే చాలదు. అప్పుడు "యాక్టివ్" అనేది పెట్టాలి. అది ఫ్రేము అంచులు కోసేసి, ఆ మిగులులో బొమ్మను అటూ ఇటూ జరిపి కుదుపు దాస్తుంది. కోసేసరికి 24 మి.మీ. కాస్తా 30 దగ్గరికి వెళ్తుంది. చెయ్యి చాచి కెమెరాని తన వైపు తిప్పుకుని మాట్లాడేవాడికి ఈ ఆరు మి.మీ. ప్రాణం మీదికొస్తుంది. ఫ్రేమంతా మొహమే, వెనక ఊరు కనపడదు. ఈ గోల విన్నారో ఏమో, 2023లో జడ్‌వీ-1 రెండో మోడల్‌ని 18 మి.మీ. నుంచి మొదలయ్యేలా చేశారు. సంతోషం. అయితే అందులో గాజు ముక్క కదిలే ఏర్పాటు తీసేశారు, ఇక వణుక్కి కోతే మందు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడమంటే ఇదే.

ఇప్పుడు నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి.

నా కెమెరా అమెరికాలో ఉన్న మా తమ్ముడు వస్తూ తెచ్చింది. డబ్బా విప్పిన వారానికే మా పిన్ని కూతురి నిశ్చితార్థం. ఫంక్షన్ హాల్లో తాంబూలాలు మార్చుకునే ఘట్టం మొత్తం తీశాను. ఇంటికొచ్చి టీవీకి పెట్టి చూస్తే ఫ్రేములో నల్లటి పట్టీలు మెల్లగా పైనుంచి కిందకి పాకుతున్నాయి. పెళ్లికూతురి మొహం మీదుగా, పంతులుగారి మీదుగా, అందరి మీదుగా. కెమెరా పాడైందనుకున్నాను. పాడైంది కెమెరా కాదు, సెట్టింగు.

మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, కాబట్టి పాతరకం ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు. అమెరికా కరెంటు 60, అక్కడ మిణుకులు 120. అక్కడి సెట్టింగుతో కెమెరా సెకనుకి 30 లేదా 60 ఫ్రేములు తీస్తూ, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పట్టే సమయం) 1/60 సెకను దగ్గర పెట్టుకుంటుంది. 1/60 సెకనులో మన లైటు ఒకటిన్నర మిణుకులు దాటి, రెండు పూర్తికాకుండా ఆగుతుంది. పైగా ఈ సెన్సర్ బొమ్మంతా ఒక్కసారి చదవదు, పై వరుస నుంచి కింద వరుస దాకా ఒక్కొక్కటే చదువుతూ వస్తుంది. కొన్ని వరుసల వాటాకి రెండు మెరుపులు పడతాయి, కొన్నింటికి ఒకటే పడుతుంది. రెండు పడ్డ చోట వెలుగు, ఒకటి పడ్డ చోట నలుపు. అవే ఆ పట్టీలు.

మందు చాలా తేలిక. మెనూలో "ఎన్‌టీఎస్‌సీ/పాల్" అని ఉంటుంది. మన దగ్గర పాల్ పెట్టి, 25 లేదా 50 ఫ్రేములు ఎంచుకుని, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచాలి. 1/50లో సరిగ్గా రెండు మిణుకులు, 1/100లో సరిగ్గా ఒకటి. ఏ వరుసకైనా వాటా సమానం. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో చుట్టాల చేత కెమెరా తెప్పించుకున్నవాళ్లు మొదట చూడాల్సింది ఇది. స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరలు, చవకరకం సీరియల్ లైట్లు మాత్రం ఈ లెక్కకి లొంగవు. వాటి మిణుకు వేగం దేనిది దానిదే. షట్టర్‌ని కొంచెం కొంచెం మారుస్తూ తెర మీద పట్టీలు ఎక్కడ ఆగితే అక్కడ వదిలేయడమే.

ఎండలో గొడవ దీనికి తిరగబడి ఉంటుంది. వీడియోలో కదలిక సహజంగా కనపడాలంటే షట్టర్ 1/50 దగ్గరే ఉండాలి. ఫొటోగ్రాఫర్ల పాత లెక్క ప్రకారం మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100 పెడితే ఎఫ్16 దగ్గర 1/100 సరిపోతుంది. దాన్నే 1/50కి మార్చితే ఎఫ్22 కావాలి. ఈ కెమెరా కన్ను ఎఫ్11 దాకానే మూసుకుంటుంది. అంటే ఎటు చూసినా నాలుగింతలు ఎక్కువ వెలుతురు. ఆటోలో వదిలేస్తే షట్టర్ వేగం పెంచేస్తుంది, పోపులో ఆవాలు చిటపటలాడటం కూడా బొమ్మలు తిప్పినట్టు తెగి తెగి వస్తుంది. అందుకోసం లోపలే ఒక నల్ల అద్దం పెట్టారు, పేరు ఎన్‌డీ ఫిల్టర్. నొక్కితే వెలుతురు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. 1/50కి ఎఫ్8 చాలు. అదే ఎండలో వెనక బ్లర్ కూడా కావాలని ఎఫ్2.8 పెడితే షట్టర్ మళ్లీ 1/400కి ఎగబాకుతుంది. నల్ల అద్దం ఉండి కూడా రెండూ దక్కవు.

జేబు కెమెరాల ఫీచర్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, ఆరుబయట వీడియో తీసేవాళ్లకి నా దృష్టిలో ఇది 4కే కంటే ముఖ్యం.

4కే అనగానే ఆ నక్షత్రం గుర్తు. జడ్‌వీ-1 కొత్తది తెరిచి ఏమీ మార్చకుండా 4కే మొదలుపెడితే సుమారు 5 నిమిషాలకి ఆగిపోతుంది. వేడి ఎక్కువైతే ఆగిపోయేలా కంపెనీ ముందే జాగ్రత్త పెట్టింది. మెనూలో "ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్" అన్నదాన్ని "హై"కి మార్చితే ఆ కట్టుబాటు పోతుంది. వేడి పోదు. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3లో 4కే ఒక్కో ముక్కకి 9 నిమిషాల 59 సెకన్లే. ఇక చిన్న కెమెరాల పుస్తకాల్లో రాసే పనిచేసే ఉష్ణోగ్రత సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవాళ్లు ఆ 40 చూసి నవ్వుకోవాలి. నేనైతే వేసవిలో తెరని ఒంటికి దూరంగా తిప్పి పెట్టి, వెనక గాలి తగిలేలా చూసి, పొడుగు వీడియోలు ఫుల్ హెచ్‌డీలో తీసేవాణ్ని. ఫోన్‌లో చూసేవాళ్లలో ఒక్కరూ "4కే ఏదీ" అని అడగలేదు.

9.59 లాంటి అంకెలు వేడి వల్లనో ఫైలు సైజు వల్లనో వచ్చాయనుకుందాం. చాలా కెమెరాల్లో ఏళ్ల తరబడి ఉన్న 29 నిమిషాల 59 సెకన్ల హద్దు మాత్రం ఇంజనీర్లు పెట్టింది కాదు. ఆగకుండా 30 నిమిషాలు వీడియో తీయగలిగితే ఐరోపాలో అప్పట్లో అది ఫొటో కెమెరా కాదు, వీడియో కెమెరా, సుంకం వేరుగా ఉండేది. ఒక్క సెకను తగ్గిస్తే ఆ సుంకం తప్పేది. మన దేశంలోనూ ఇలాంటి కెమెరాల దిగుమతి సుంకం మినహాయింపు దగ్గర మొదలైన గొడవే కెనాన్ ఇండియా కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 తీర్పులో కోర్టు తేల్చింది కెమెరా సంగతి కాదు, నోటీసు ఇచ్చే అధికారం ఏ అధికారికి ఉందన్నది. ఆ తీర్పునూ 2024లో కోర్టే తిరగరాసింది. అది వేరే కథ.

వాడు అంత ఆశగా చదివిన వెయ్యి ఫ్రేముల స్లో మోషన్ సంగతి త్వరగా చెప్పేస్తా. ఒక్కసారికి కొద్ది సెకన్లే తీస్తుంది. అంత వేగం అందుకోవడానికి సెన్సర్‌లో కొంత భాగమే చదివి, దాన్ని సాగదీసి ఫుల్ హెచ్‌డీ చేస్తుంది. శబ్దం రాదు. అయ్యాక కార్డులోకి రాసుకుంటూ మనల్ని నిలబెట్టేస్తుంది. మొదటి వారం బిందెలో నీళ్లు పోస్తూ తీస్తాం, తర్వాత ఆ మెనూ వైపే వెళ్లం.

ఫ్లాష్ లేకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. జడ్‌వీ-1లో అసలు లేదు. కెనాన్‌లో, ఆర్‌ఎక్స్100 వరుసలో పైకి లేచే చిన్న ఫ్లాష్ ఉంది. ఫోన్‌లో ఉండేది ఫ్లాష్ అంటాం గానీ అది టార్చి లైటు. అసలు ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు లోపే భళ్లున మెరిసి ఆరిపోతుంది, ఆ మెరుపులో గెంతుతున్న పిల్లాడు గాల్లోనే ఆగిపోతాడు. పాత డిజిటల్ కెమెరాలు వెతికి కొనుక్కుంటున్న ఇప్పటి కుర్రకారు మోజుపడే ఆ తెల్లటి మొహాలు, వెనక చిమ్మచీకటి, అంతా దాని చలవే. ఫొటోలు ప్రధానం, వీడియో అప్పుడప్పుడూ అనుకునేవాళ్లు ఫ్లాష్ ఉన్నదే తీసుకోవాలి. కెనాన్ తీసుకుంటే కదిలే మనిషి మీద వీడియో ఫోకస్ సోనీ అంత గట్టిగా పట్టుకోదు, అదీ తెలిసే తీసుకోవాలి.

శబ్దంలో జడ్‌వీ-1 నిజంగానే మంచిది. పైన మూడు మైకులు, దాని మీద తొడగడానికి బొచ్చు టోపీ డబ్బాలోనే ఇస్తారు. విశాఖ బీచ్‌లో ఆ టోపీ ఒకసారి పెట్టి, ఒకసారి తీసి తీశాను. టోపీ లేనప్పుడు నా మాట ఒక్కటీ వినపడలేదు. బయటి మైకు పెట్టుకోవడానికి కన్నమూ ఉంది. "ప్రొడక్ట్ షోకేస్" అని ఇంకో మీట ఉంది. అది నొక్కాక కెమెరా ముందుకి చీర కొంగు గానీ పచ్చడి సీసా గానీ చాపితే, మొహాన్ని వదిలి దాని మీదికి ఫోకస్ టక్కున వెళ్తుంది. ఇన్‌స్టాలో చీరలు అమ్మేవాళ్లకి అదొక్కటి చాలు. అమ్మ గరిటె చాపినప్పుడు కూడా అంతే.

బ్యాటరీ గురించి వాడే అడిగాడు. ఆపుతూ, మొదలుపెడుతూ తీస్తే వీడియో 45 నిమిషాలని కంపెనీయే చెప్తుంది. అమ్మ పులిహోర మొదలుపెడితే చింతపండు నానేసరికే అందులో సగం పోతుంది. ఇంకో రెండు బ్యాటరీలు కొనాల్సిందే. మెమరీ కార్డు మీద పెద్ద అంకెల్లో వేసేది కార్డులోంచి చదివే వేగం. వీడియోకి చూడాల్సింది కార్డులోకి రాసుకునే వేగం, దానికి వీ30 అనే చిన్న గుర్తు.

అన్నీ విని చివరికి ఆ కెమెరాయే కొన్నాడు. ఊరు తీసుకెళ్లిన రోజు రాత్రి ఫోన్ చేశాడు.

"మామయ్యా, దీనికి టైప్-సీ వైరు పట్టట్లేదేంటి?"

పట్టదు. దానిది పాత మైక్రో యూఎస్‌బీ కన్నం. ఇంత లెక్క చెప్పి ఆ ఒక్క ముక్క చెప్పడం మర్చిపోయాను. ఇంట్లో ఉన్న వైర్లన్నీ వెతికితే అలాంటిది ఒక్కటే దొరికిందట, వాళ్ల అమ్మమ్మ కీప్యాడ్ ఫోన్‌ది. ఆవిడ అది ఇవ్వనంది. "నాకు పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేస్తుందిరా, ముందు నాది ఎక్కనీ, తర్వాత నీది పెట్టుకో" అందిట.

పులిహోర వీడియో మర్నాటికి వాయిదా పడింది.